చిన్న విద్యుత్ మోటార్లు: తిరుగు దిశ మార్చుట, మొరాయించినప్పుడు లోపము కనుగొనుట



కంది కోతలు ముగిసినవి. కళ్లము శుభ్రమైనది. పప్పు పట్టించు రోజులు వచ్చినవి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇట్టి పేరుగల పంటను కందులుగానే అమ్మివేయక, ఊరిలోనే పప్పు చేసి అమ్మవలెనని అనుకొనుట సహజము. ఇందుకు పనికివచ్చు చిన్న పప్పు మిల్లులను మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ, అకోలా వ్యవసాయ విశ్వవిద్యాలయము వంటివి రూపొందించినవి. పప్పు మిల్లు ఒక్కటే కాదు. చొప్ప కత్తిరించు యంత్రము, పిండి గిర్ని, తూర్పార పట్టు ఫ్యాను, పనిముట్లు నూరు సాన యంత్రము, డ్రిల్లింగు యంత్రము, తాండూరు బండలు కోయు యంత్రము, పాలిషు యంత్రము, వీటన్నిటికిని ప్రాణము ఒక చిన్న మోటారు.

సరిగా పని ముమ్మరముగా ఉన్నప్పుడే మోటారు మొరాయించును. స్విచ్చు వేసిన "గుయ్" మని మూలుగును గాని తిరుగదు. లేదా మరమ్మతు చేయించి తెచ్చిన మోటారు ఎదురు దిశగా తిరుగును. అప్పుడు సాధారణముగా రెండు పొరపాట్లు జరుగుచుండును. ఒకటి, మూలుగుచున్న మోటారుకు మరల మరల స్విచ్చు వేయుట. రెండు, తోచిన తీగెను తోచినచోట మార్చి బిగించుట. మొదటి పొరపాటు వలన కొద్దిసేపటిలోనే వైండింగ్ కాలిపోవచ్చును. రెండవదాని వలన మోటారే కాదు, మనిషి ప్రాణమునకే ముప్పు రావచ్చును. వైండింగ్ ఖర్చు ఒక ఎత్తు, పని రోజులలో యంత్రము మూలబడుట మరొక ఎత్తు.

కావున మోటారుకు దిశ ఎక్కడినుండి వచ్చునో ముందు తెలిసికొనుడు. దిశను ఇచ్చునదే మోటారుకు తొలి కదలికను కూడ ఇచ్చును. ఈ ఒక్క సంగతి మనసులో నాటుకొన్నచో, దిశ మార్చుటయు, మూలుగు మోటారు లోపము పట్టుకొనుటయు రెండును సులభమగును.

మోటారుకు దిశ ఎట్లు వచ్చును?

ఒక పెద్ద విసురురాయి చుట్టు ముగ్గురు కూర్చున్నారనుకొనుడు. మొదటివారు, పిదప రెండవవారు, పిదప మూడవవారు వరుసగా తోయుచుండిన రాయి చక్కగా తిరుగును. ఇద్దరు తమ వంతులు మార్చుకొన్నచో రాయి ఎదురు దిశగా తిరుగును. మూడు ఫేజుల మోటారు ఇట్టిదే. మూడు ఫేజులలోని కరెంటు ఒకదాని తరువాత ఒకటిగా హెచ్చి తగ్గుచుండుట వలన మోటారు లోపల అయస్కాంత క్షేత్రము గుండ్రముగా తిరుగును. దానివెంట రోటరు తిరుగును. ఇట్లు తిరుగు క్షేత్రముతో నడచు మోటారును నికోలా టెస్లా 1888లో లోకమునకు వివరించెను. నేడు మన గిర్నీలో తిరుగునదియు ఆ సూత్రమునే అనుసరించినది.

ఇక ఆ విసురురాయి వద్ద ఒక్కరే కూర్చుండి, నడిమి మేకుకు సూటిగా ముందునకు, వెనుకకు మాత్రమే తోయుచున్నారనుకొనుడు. రాయి అదరును గాని తిరుగదు. ఎవరైన ప్రక్కనుండి ఒక్క తోపు ఇచ్చిన, తోపు ఇచ్చిన వైపునకు తిరుగసాగును. సింగిల్ ఫేజు మోటారు ఇట్టిది. దానిలోని ముఖ్య వైండింగ్ ఒక్కటే రోటరును కదల్పజాలదు. ప్రక్కనుండి తోపు ఇచ్చుటకే స్టార్టింగ్ వైండింగ్, దానితోపాటు కండెన్సరు అమర్చబడినవి. ఈ తోపు ఏ వైపునకు పడునో మోటారు ఆ వైపునకే తిరుగును. తోపు లేకున్న మూలుగుచు నిలిచిపోవును.

మూడు ఫేజుల మోటారుకు ఒక ఫేజు తప్పిపోయినచో అదియు ఒంటరి మనిషి చేతిలోని విసురురాయి వంటిదే. ఆగియున్నచో కదలదు, మూలుగును. నడచుచున్నచో నడక ఆపదు గాని లోలోన కాలిపోవుచుండును.

ముట్టుకొనుటకు ముందు

టెర్మినల్ బాక్సు మూత విప్పుటకు ముందు మెయిన్ స్విచ్చు ఆపి, ఫ్యూజులు తీసి మీ జేబులో వేసికొనుడు. స్విచ్చు వద్ద ఒక మనిషిని నిలుపుట, లేదా "పని జరుగుచున్నది" అని అట్ట వ్రేలాడదీయుట మేలు. కరెంటు పోయినదని తీగెలు ముట్టరాదు. పోయిన కరెంటు చెప్పి రాదు.

కండెన్సరు గల మోటారు ఆపిన తరువాత కూడ కండెన్సరులో విద్యుత్తు నిలిచియుండవచ్చును. దానిని స్క్రూడ్రైవరుతో కలిపి మెరుపులు పుట్టించుట మంచి అలవాటు కాదు. హోల్డరులో పెట్టిన 100 వాట్ల ఫిలమెంటు బల్బు తీగెలు రెండింటిని, తొడుగు గల క్లిప్పులతో కండెన్సరు రెండు కొనలకు తాకించిన నిలువయున్న విద్యుత్తు అందులో ఖర్చగును. ఎల్.ఇ.డి. బల్బు ఇందుకు పనికిరాదు.

తరువాత మోటారుపైనున్న నేమ్ ప్లేటు చదువుడు. ఎన్ని ఫేజులు, ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు, ఎంత హెచ్.పి., నిమిషమునకు ఎన్ని చుట్లు అనునవి అందుండును. మన దేశమున సింగిల్ ఫేజు 230 వోల్టులు, మూడు ఫేజులు 415 వోల్టులు, రెండింటికిని సెకనుకు 50 ఆవృత్తులు. ఒక హెచ్.పి. అనగా 746 వాట్లు. ప్లేటుపై రంగు పూసి అక్షరములు కనపడకుండ చేయుట చాలచోట్ల చూచెదము. అట్లు చేయరాదు. మోటారు జాతకమంతయు దానిపైననే ఉన్నది.

విప్పిన ప్రతి తీగెకు ఒక గుర్తు కట్టి, తీగెలు మునుపు ఎట్లున్నవో ఒక కాగితముపై గీసికొనుడు. సెల్ ఫోనుతో ఫోటో తీసికొన్నను సరియే.

ఏ యంత్రము ఏ దిశగా తిరుగవలెను?

దిశ మార్చుటకు ముందు, సరియైన దిశ ఏదో తెలియవలెను. యంత్రముపై తయారీదారు వేసిన బాణము గుర్తును చూడుడు. గుర్తు చెరిగిపోయినచో ఈ క్రింది విషయములు గమనించుడు.

సాన యంత్రపు రాయి పైభాగము మీ వైపునకు వచ్చి క్రిందికి పోవలెను. రెండు రాళ్ల యంత్రమున కుడివైపు నట్టుకు మామూలు మర, ఎడమవైపు నట్టుకు ఎదురు మర ఉండును. యంత్రము సరియైన దిశగా తిరిగిన నట్లు బిగియును. ఎదురు దిశగా తిరిగిన వదులై రాయి ఊడి ఎగిరిపడవచ్చును. వృత్తాకారపు రంపమునకు, బండ కోయు బ్లేడుకు కూడ ఈ భయము కలదు. వీటిని ఎదురు దిశగా ఒక్క క్షణమైనను తిప్పరాదు. బ్లేడు తీసివేసిన పిదపనే దిశ పరీక్షింపవలెను.

తూర్పార పట్టు యంత్రములోని ఫ్యాను రెండు విధములు. రెక్కల ఫ్యాను ఎదురుగా తిరిగిన గాలి వెనుకకు పోవును. ఇది వెంటనే తెలియును. డబ్బా వంటి గుల్లలో తిరుగు బ్లోయరు ఎదురుగా తిరిగినను గాలి ముందునకే వచ్చును గాని బలము తగ్గును. పొట్టు సరిగా ఎగురదు. ఎంతమంది ఈ సంగతి తెలియక జల్లెడను, గింజను నిందించుచుందురో! నీటి పంపు కూడ ఇట్లే, ఎదురుగా తిరిగిన నీరు తక్కువ పోయును.

గిర్ని రాళ్లకు కొట్టిన గాళ్లు ఒక దిశకు తగినట్లు ఉండును. ఎదురుగా తిరిగిన పిండి వేడెక్కి, ముతకగా పడును. డ్రిల్లు ఎదురుగా తిరిగిన కోయక రాచుకొనును.

చొప్ప కత్తిరించు యంత్రము విషయమున ప్రత్యేక జాగ్రత్త అవసరము. జొన్న చొప్ప ఇరుకుకొన్నప్పుడు మోటారును వెనుకకు తిప్పి తీయుదమని తీగెలు మార్చరాదు. యంత్రమునకే ముందు, వెనుక గేరు పిడి ఉన్న దానిని వాడుడు. లేనిచో మోటారు ఆపి, చక్రము పూర్తిగా నిలిచి, ఫ్యూజు తీసిన పిదపనే చేయి పెట్టవలెను. స్విచ్చు ఆపిన తరువాత కూడ బరువైన కత్తుల చక్రము కొంతసేపు తిరుగుచునే ఉండునని మరువకుడు.

తీగె ముట్టకుండ దిశ మార్చుట

యంత్రము ఎదురు దిశగా తిరుగవలెనన్న ప్రతిసారి తీగెలు విప్పనక్కరలేదు. బెల్టుతో నడచు యంత్రమైనచో మోటారును దాని పీటపై నుండి విప్పి, కొనను తారుమారు చేసి మరల బిగించుడు. పుల్లీ కుడివైపు నుండి ఎడమవైపునకు వచ్చును. మోటారు తన లెక్కలో ఎప్పటివలెనే తిరిగినను, యంత్రము ఎదురు దిశగా తిరుగును. పుల్లీలు ఒకే వరుసలో ఉండునట్లు చూచుకొనుట ముఖ్యము.

పాతకాలపు చదును బెల్టు అయినచో దానిని ఎనిమిది అంకె వలె అడ్డముగా మెలివేసిన చాలును, దిశ మారును. వి-బెల్టును మాత్రము మెలివేయరాదు, త్వరగా చినిగిపోవును.

మూడు ఫేజుల మోటారు దిశ మార్చుట

ఇది మిక్కిలి సులభము. మోటారుకు వచ్చు మూడు తీగెలలో ఏవైనను రెండింటిని ఒకదాని స్థానములో మరొకటి బిగించుడు. మూడవదానిని కదల్పకుడు. దిశ మారును. మూడు తీగెలను మూడు స్థానములకు జరిపినచో వరుస మరల మునుపటిదే అగును గాన దిశ మారదు.

అయితే రెండు సంగతులు గుర్తుంచుకొనుడు.

మొదటిది: షెడ్డులోని మోటార్లన్నియు ఒకేనాడు ఎదురుగా తిరిగినచో లోపము మోటార్లలో లేదు. ట్రాన్స్‌ఫార్మరు మార్చినప్పుడో, లైను మరమ్మతు చేసినప్పుడో ఫేజుల వరుస మారియుండును. ఒక్కొక్క మోటారును విప్పుచు పోవలదు. లైన్‌మన్‌కు తెలియజేయుడు, లేదా లైసెన్సుగల ఎలక్ట్రీషియనుచే మెయిన్ స్విచ్చు వద్ద ఒక్కచోట రెండు తీగెలు మార్పించుడు. ఒక్క మోటారే ఎదురుగా తిరుగుచున్నచో ఆ మోటారు వద్ద మార్చుట సరి.

రెండవది: స్టార్-డెల్టా స్టార్టరు గల మోటారుకు ఆరు తీగెలు పోవును. ఆ ఆరింటిలో ఏ రెండింటినో మార్చిన కలయిక చెడి, స్టార్ నుండి డెల్టాకు మారునప్పుడు మోటారు పెద్ద దెబ్బ తినును. ఇట్టివానికి స్టార్టరు లోనికి వచ్చు మూడు తీగెలలోనే రెండింటిని మార్చవలెను.

మాటిమాటికి ముందునకు, వెనుకకు తిరుగవలసిన యంత్రమునకు తయారుగా దొరకు రివర్సు స్విచ్చును పెట్టించుడు. ఒక దిశనుండి మరియొక దిశకు పోవునప్పుడు మోటారు పూర్తిగా ఆగవలెను.

సింగిల్ ఫేజు మోటారు దిశ మార్చుట

ఫేజు తీగెను, న్యూట్రల్ తీగెను తారుమారు చేసిన దిశ మారునని కొందరు భ్రమపడుదురు. ఇది తప్పు. రెండు వైండింగులలోను కరెంటు ఒకేసారి తిరుగబడును గాన దిశ మారదు. పైగా స్విచ్చు న్యూట్రల్ మీద పడి, స్విచ్చు ఆపినను మోటారులో కరెంటు నిలిచియుండును. ఇది ప్రాణాపాయము.

కండెన్సరుతో స్టార్టగు మోటారులో ముఖ్య వైండింగుకు రెండు కొనలు, స్టార్టింగ్ వైండింగుకు రెండు కొనలు ఉండును. ఈ రెండు జతలలో ఒక్క జత కొనలను మాత్రమే తారుమారు చేయవలెను. సాధారణముగా స్టార్టింగ్ జతనే మార్చుదురు. కండెన్సరును, సెంట్రిఫ్యూగల్ స్విచ్చును ఆ జతలోనే ఉంచి, జత రెండు చివరలను ఒకదాని చోట మరొకటి బిగింపవలెను. రెండు జతలను మార్చిన ఏమియు మారదు.

ఏ జత ఏదో తెలియుటకు మల్టీమీటరుతో ఓములు చూడుడు. సాధారణముగా ముఖ్య వైండింగ్ తీగె లావు, ఓములు తక్కువ. స్టార్టింగ్ వైండింగ్ తీగె సన్నము, ఓములు ఎక్కువ. టెర్మినల్ బాక్సులోనికి మూడే కొనలు వచ్చియున్నచో, రెండు వైండింగులును లోపలనే కలిసియున్నవని అర్థము. అట్టిదానిని మోటారు విప్పి నాల్గవ కొన వెలుపలికి తీయవలెను. ఇది వైండింగ్ షాపువారి పని.

కండెన్సరు ఎల్లప్పుడు పనిచేయు కొన్ని మోటార్లలో రెండు వైండింగులును సమానముగా ఉండును. వానికి ఫేజు తీగెను కండెన్సరు ఒక కొననుండి రెండవ కొనకు మార్చిన దిశ మారును. కూలరు పంపు వంటి కొన్ని అతి చిన్న మోటార్లలో ధ్రువముపై రాగి ఉంగరము బిగించియుండును. వానిని తీగెలు మార్చి తిప్పుట వీలుకాదు. బ్రష్షులు గల చేతి డ్రిల్లులలో తయారీదారు పెట్టిన రివర్సు మీట ఉన్న వాడుడు. చేతి కోత యంత్రములను ఎదురు తిప్పు ప్రయత్నము ఎన్నడును చేయకుడు.

మరియొక హెచ్చరిక. సెంట్రిఫ్యూగల్ స్విచ్చు గల మోటారు వేగము సుమారు నాలుగింట మూడు వంతులకు చేరగానే ఆ స్విచ్చు విడిపోయి, స్టార్టింగ్ వైండింగుకు కరెంటు ఆపివేయును. కావున నడచుచుండగా రివర్సు స్విచ్చు త్రిప్పిన మోటారు లెక్కచేయక మునుపటి దిశగానే నడచును. "మారలేదు" అని మీరు మరచిపోదురు. తరువాత ఎవరో వచ్చి స్విచ్చు వేసినప్పుడు అకస్మాత్తుగా ఎదురు దిశగా లేచును. అందువలన పూర్తిగా ఆగిన పిదపనే దిశ మార్చవలెను.

దిశ మార్చిన తరువాత బెల్టు తీసివేసి, ఒక్క క్షణము స్విచ్చు వేసి ఆపి, పుల్లీ ఎటు తిరిగినదో చూడుడు. సరిగానున్న పిదపనే బెల్టు తొడుగుడు.

మోటారు మొరాయించినప్పుడు

లోపము మూడు ఇండ్లలో ఏదో ఒక ఇంట నుండును: కరెంటు, మోటారు, యంత్రము. ఏ ఇంట నున్నదో తేల్చకుండ మోటారు విప్పరాదు. మొదట కరెంటు ఆపి, బెల్టు తీయుడు. చేతితో మోటారు పుల్లీని తిప్పిచూడుడు. యంత్రపు పుల్లీని వేరుగా తిప్పిచూడుడు. యంత్రము బిగుసుకొనియున్న మోటారు నిర్దోషి. పప్పు మిల్లులో గింజ ఇరుకుట, బేరింగు విరుగుట, తాండూరు బండల షెడ్డులలో రాతి బురద ఎండి గట్టిపడుట ఇందుకు కారణములు. రెండును తేలికగా తిరిగిన, బెల్టు లేకుండ మోటారును నడిపిచూడుడు.

1. శబ్దమే లేదు, తిరుగదు: కరెంటు రాలేదు. ఫ్యూజు, మెయిన్ స్విచ్చు, స్టార్టరు కాంటాక్టులు, తీగెల చివరలు చూడవలెను. స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలే పడియుండవచ్చును. అది ఎందుకు పడినదో తెలియకుండ మరల మరల ఎత్తరాదు.

2. మూడు ఫేజుల మోటారు మూలుగును, తిరుగదు: ఒక ఫేజు తప్పినది. వెంటనే ఆపుడు. ఇక్కడ టెస్టరును నమ్మి మోసపోవువారు చాలమంది. స్విచ్చు వేసియున్నప్పుడు, తప్పిన ఫేజు తీగెపై కూడ మోటారు వైండింగ్ గుండా వోల్టేజి వెనుకకు వచ్చి టెస్టరు వెలుగును. "మూడింటను వెలిగినది, కరెంటు ఉన్నది" అనుకొని మోటారు కాల్చుకొందురు. మోటారు తీగెలు విడదీసి, ఫేజుకు ఫేజుకు మధ్య వోల్టు మీటరుతో ఎలక్ట్రీషియనుచే చూపించుడు. మూడు జతలలోను వోల్టేజి దాదాపు సమానముగా ఉండవలెను.

3. సింగిల్ ఫేజు మోటారు మూలుగును, తిరుగదు: ప్రక్కతోపు లేదు. కండెన్సరు చెడుట, సెంట్రిఫ్యూగల్ స్విచ్చు కాంటాక్టులు కాలుట, స్టార్టింగ్ వైండింగ్ తెగుట అను మూడింటిలో ఒకటి. ఇట్టి మోటారు ఎటు తోసిన అటు తిరుగును. అది లోపమునకు గుర్తు. అయితే పని జరుగుటకై ప్రతిదినము చేతితోనో, త్రాడుతోనో త్రిప్పి లేపుట ప్రమాదకరమైన అలవాటు. వేళ్లు బెల్టులో పడుటకు ఒక్క క్షణము చాలును.

4. లేచును గాని వేగము అందుకొనదు, కాలిన వాసన వచ్చును: సెంట్రిఫ్యూగల్ స్విచ్చు విడిపోవుట లేదు. మంచి మోటారు లేచునప్పుడు ఒకసారి, ఆగునప్పుడు ఒకసారి "టక్" మను చప్పుడు వినపడును. ఈ చప్పుడు మీ చెవికి అలవాటు కావలెను. అది వినరానినాడు మోటారు ఆపి స్విచ్చును శుభ్రము చేయించుడు.

5. బెల్టు లేకున్న బాగుగా నడచును, బెల్టు తొడిగిన ఆగిపోవును: బరువు ఎక్కువ, లేదా వోల్టేజి తక్కువ. మోటారు బలము వోల్టేజి వర్గమును బట్టి తగ్గును. 230 వోల్టులకు బదులు 184 వోల్టులే అందినచో, అనగా అయిదింట నాలుగు వంతులైన, లేచునప్పటి బలము నూటికి 64 వంతులే మిగులును. ఇంటినుండి సన్నని తీగెతో దూరముననున్న షెడ్డుకు కరెంటు లాగినచోట్ల ఇది సామాన్యము. లావు తీగె వేయుటే మందు. పని పెంచవలెనని మోటారుకు పెద్ద పుల్లీ తొడిగినను బరువు పెరుగును. నిమిషమునకు 1440 చుట్లు తిరుగు మోటారుకు 75 మిల్లీమీటర్ల పుల్లీ, యంత్రమునకు 300 మిల్లీమీటర్ల పుల్లీ ఉన్న యంత్రము 360 చుట్లు తిరుగును. మోటారు పుల్లీని 100 మిల్లీమీటర్లకు పెంచిన 480 చుట్లు తిరుగును. ఆ అదనపు పని మోటారు నుండియే రావలెను.

6. నడచును గాని మితిమీరి వేడెక్కును: బెల్టు అతిగా బిగుతు, బేరింగు లోపము, గాలి మూసుకొనుట, లేదా ఒక ఫేజు తప్పుట. బెల్టు నడుమ బొటనవ్రేలితో అదిమిన, పుల్లీల నడిమి దూరము మీటరుకు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు లొంగవలెను. కంది పొట్టు, రాతి బురద మోటారు వెనుక ఫ్యాను మూతను కప్పివేయకుండ పొడి బ్రష్షుతో దులుపుడు. నీటితో కడుగరాదు. వైండింగ్ వేడి హద్దును మించి ప్రతి 10 డిగ్రీలు పెరిగిన కొలది దాని ఆయువు సుమారు సగమగునని అనుభవజ్ఞుల లెక్క.

7. కర్రుమను శబ్దము, అదురు: బేరింగు అరిగినది, లేదా పుల్లీలు వరుస తప్పినవి. రెండువైపుల మూతగల బేరింగులకు గ్రీజు పెట్టనక్కరలేదు. తక్కినవానికి మితముగా పెట్టుడు. అతిగా కూరిన గ్రీజే వేడి పుట్టించును.

8. ముట్టిన షాకు కొట్టును: ఆ క్షణమే ఆపుడు. చెక్క పీట వేసికొని నడుపుట మందు కాదు. మెగ్గరుతో 500 వోల్టుల వద్ద పరీక్షింప, వైండింగుకు బాడీకి నడుమ ఒక మెగ్ ఓముకు తక్కువ వచ్చిన ఆ మోటారు నడుపుటకు తగదు. వానకాలమంతయు చెమ్మలో పడియున్న మోటారును ఎండబెట్టి, మెగ్గరు పరీక్ష అయిన పిదపనే వాడుడు.

కండెన్సరు మార్చునప్పుడు

ఉబ్బినను, నూనె కారినను, మూత పగిలినను కండెన్సరు చెడినదే. పైకి బాగుగానున్నను లోపల చెడియుండవచ్చును గాన మీటరుతో చూపించుడు. క్రొత్తది పాతదానిపై వ్రాసిన మైక్రోఫారడ్లే కలదిగా, వోల్టులు అంతకు తక్కువ కానిదిగా ఉండవలెను. "పెద్దది వేసిన బలముగా లేచును" అను మాట వినకుడు. లేచునప్పుడు మాత్రమే పనిచేయు కండెన్సరు వేరు, నిరంతరము పనిచేయు కండెన్సరు వేరు. మొదటిదానిని రెండవదాని చోట పెట్టిన కొద్దిసేపటిలో పగిలిపోవును.

ఎర్తింగ్, రక్షణ

వికారాబాదు చుట్టునున్న మొరము నేలలు ఎండకాలమున త్వరగా ఆరిపోవును. తాండూరు వైపు కొంత లోతుననే బండ తగులును. రెండుచోట్లను ఎర్తింగ్ అశ్రద్ధ చేయదగినది కాదు. కనీసము 38 మిల్లీమీటర్ల లోపలి వ్యాసము, 2.5 మీటర్ల పొడవుగల జి.ఐ. పైపును చెమ్మగల చోట, చుట్టు బొగ్గు, ఉప్పు వేసి పాతింపుడు. వేసవిలో దానిలో నీరు పోయుచుండుడు. బండ అడ్డము వచ్చినచో పైపును సగము కోసి పాతి పని ముగించుట తప్పు. వేరొక చోటు చూడుడు, లేదా ఎలక్ట్రీషియను సలహాపై పలకను పాతింపుడు.

మెయిన్ వద్ద 30 మిల్లీ ఆంపియర్లకు పడిపోవు ఎర్త్ లీకేజీ బ్రేకరు పెట్టించుడు. ఫ్యూజులో లావు రాగి తీగె మెలివేయుట, ఇంటికి తాళము వేసి తలుపు తెరచియుంచుట వంటిది. మూడు ఫేజుల మోటారుకు ఓవర్‌లోడ్ రిలేను నేమ్ ప్లేటులోని ఆంపియర్లకు సరిచేయించి, ఫేజు తప్పిన ఆపు పరికరమును కూడ అమర్చుడు. బావి మోటార్లకు పెట్టు ఆటో స్టార్టరును పని యంత్రములకు ఎంత మాత్రము పెట్టరాదు. పోయిన కరెంటు వచ్చినప్పుడు, కత్తుల నడుమ మీ చేయి ఉన్నదో లేదో దానికి తెలియదు. కరెంటు పోయిన తానే విడిపోయి, మీరు నొక్కినగాని కలియని స్టార్టరే క్షేమము. బెల్టులకు, కత్తులకు కప్పు లేకుండ నడుపకుడు. చీర కొంగు, తువ్వాలు, వదులు చొక్కా చేతులు యంత్రము దాపునకు రానీయకుడు.

ఎవరికైనను షాకు తగిలిన, మొదట స్విచ్చు ఆపుడు. వీలుకానిచో ఎండిన కర్రతో మనిషిని విడదీయుడు. ఉత్త చేతితో పట్టుకొనకుడు. 108కి ఫోను చేయుడు. శ్వాస లేనిచో, తెలిసినవారు ఛాతీపై ఒత్తుట, నోటితో ఊపిరి ఊదుట వెంటనే మొదలిడి వైద్య సహాయము వచ్చువరకు మానరాదు.

వైండింగ్ చేయించిన తరువాత

వైండింగ్ షాపువారిని పాత వైండింగ్ చుట్ల లెక్క, తీగె గేజి మారకుండ చుట్టుమనుడు. మోటారు ఇంటికి తెచ్చిన పిదప నేరుగా యంత్రమునకు బిగింపకుడు. వైండింగ్ కొనలు మారిన దిశ మారియుండుట చాల తరచుగా జరుగును. బెల్టు లేకుండ తిప్పి, దిశ చూచి, బరువు లేనప్పటి ఆంపియర్లు చూచి, అరగంట నడిపి, వేడి చూచి, అప్పుడు బిగింపుడు. సరియైన దిశను మోటారు మూతపై పెయింటుతో బాణముగా గీసి పెట్టుడు.

చివరి మాట

పైనున్నవానిలో బెల్టు తీసి చూచుట, శబ్దము వినుట, ఫ్యూజు చూచుట, పొట్టు దులుపుట మీరు చేయదగిన పనులు. కరెంటు ఉండగా చేయు పరీక్షలు, మెగ్గరు, వైండింగ్ పనులు లైసెన్సుగల ఎలక్ట్రీషియనుకు విడిచిపెట్టుడు. ఆయన వచ్చినప్పుడు "మోటారు చెడినది" అని మాత్రము చెప్పక, "బెల్టు తీసిన నడచినది, తొడిగిన ఆగినది" అనియో, "మూలుగును, ఎటు తోసిన అటు తిరుగును" అనియో చెప్పుడు. సగము మరమ్మతు అప్పుడే అయిపోయినట్లు.

షెడ్డు గోడపై ఈ నాలుగు మాటలు వ్రాసికొనుడు:

మూలిగిన మోటారును వెంటనే ఆపుము.
బెల్టు తీసి, లోపము ఎవరిదో తేల్చుము.
పూర్తిగా ఆగిన పిదపనే దిశ మార్చుము.
ఫ్యూజు జేబులో వేసికొనక మూత విప్పకుము.

ఈ నాలుగును పాటించిన, కంది కాలమున మీ మోటారును, మీ చేతులను కూడ కాపాడుకొందురు.